‘లెర్న్’ అనే ఇంగ్లీషు క్రియ: అర్థాలు, వాడుక, మన దరఖాస్తుల్లో దాని చోటు

ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష, ఆఫీసుల్లో ఇంగ్లీషు. తరతరాలుగా పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడిన మన కుటుంబాల సంగతి ఇదే. అందువల్ల ఒక్కో ఇంగ్లీషు మాటను మనం రెండు భాషల మీదుగా దాటి అర్థం చేసుకుంటాం. అలాంటి మాటల్లో ‘లెర్న్’ ఒకటి. ఎల్‌కేజీ పిల్లవాడికీ తెలిసిన మాటే. అయినా ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా డ్రాఫ్టులు రాసిన నేనే దాని దగ్గర తప్పు చేశాను. ఆ తప్పు మా సంఘానికి ఒక ఏడాదిని పోగొట్టింది. ఆ సంగతి చివర చెబుతాను. ముందు మాట గురించి.

స్పెల్లింగు, రూపాలు

ఎల్, ఇ, ఏ, ఆర్, ఎన్ – ఐదు అక్షరాలు. నడుమ ఉన్న మూడూ కలిపితే ‘ఇయర్’, అంటే చెవి. మొదటి అక్షరం తీసేస్తే ‘ఎర్న్’, అంటే సంపాదించు. పిల్లలకు స్పెల్లింగు గుర్తుండడానికి ఇలా చెప్పవచ్చు. చెవితో విని సంపాదించుకునేది చదువు అనుకుంటే మరిచిపోరు. ఇది గుర్తు కోసం చెప్పే మాటే, మాట పుట్టుకతో దీనికి సంబంధం లేదు.

భూతకాలానికి రెండు రూపాలున్నాయి. చివర ‘టి’ పెట్టి ‘లెర్న్‌ట్’ అనవచ్చు, ‘ఇడి’ పెట్టి ‘లెర్న్‌డ్’ అనవచ్చు. బ్రిటిష్ ఇంగ్లీషులో రెండూ చెల్లుతాయి. అమెరికాలో రెండోదే వాడుక. మన ఆఫీసుల్లో ‘టి’ రూపం ఎక్కువగా కనిపిస్తుంది. ఏది రాసినా తప్పు కాదు, కానీ ఒకే ఉత్తరంలో ఒక పేరాలో ఒకటీ మరో పేరాలో మరొకటీ రాయకూడదు.

ఇదే ‘ఇడి’ రూపం విశేషణమైతే పలుకుబడి మారి ‘లెర్నిడ్’ అని రెండు ముక్కలుగా పలుకుతుంది. అర్థం ‘పండితుడైన, విద్వాంసుడైన’. కోర్టులో వకీళ్లు ఎదుటి వకీలును ‘మై లెర్నిడ్ ఫ్రెండ్’ అనడం ఇదే. సభల్లో అధ్యక్షులను ‘లెర్నిడ్ ప్రొఫెసర్’ అని పరిచయం చేసేటప్పుడు ఒక ముక్కగా పలికితే చెవికి తేడాగా ఉంటుంది.

మాట పుట్టుక

పాత ఇంగ్లీషులో దీని రూపం ‘లియోర్నియన్’. జర్మన్ భాషలో ఇప్పటికీ ‘లెర్నెన్’ అంటారు. ఈ మాటల కుదురు అర్థం ‘జాడ, చాలు’ అని భాషావేత్తలు చెబుతారు. పరంపరగా వచ్చిన విద్యను చెప్పే ‘లోర్’ అనే మాటా, చెప్పులు కుట్టేవారు వాడే పాదం అచ్చుకు ఉన్న ‘లాస్ట్’ అనే పేరూ ఈ కుదురువే. అంటే, ముందు నడిచినవాడి జాడ పట్టుకుని నడవడమే నేర్చుకోవడం. పెద్దల అడుగుజాడల్లో నడవడం అని మనం అనేదీ ఈ భావమే.

ముఖ్యమైన అర్థాలు

ఒకటి: నేర్చుకొను. విద్య, భాష, పని, ఆట ఏదైనా. ‘షి ఈజ్ లెర్నింగ్ తెలుగు’ అంటే ఆమె తెలుగు నేర్చుకుంటోంది. పని పేరు వస్తే నడుమ ‘టు’ కావాలి. ‘హి లెర్న్‌ట్ టు స్విమ్’ అంటే ఈత నేర్చాడు. ‘హౌ టు’ కూడా వాడతారు.

రెండు: తెలుసుకొను, ఒక వార్త చెవిన పడు. ‘ఐ లెర్న్‌ట్ ఆఫ్ హిజ్ డెత్ ఓన్లీ యెస్టర్‌డే’ అంటే ఆయన పోయిన సంగతి నిన్ననే తెలిసింది అని. ఇక్కడ నేర్చుకోవడం ఏమీ లేదు. ఆఫీసు ఫైళ్లలోనూ పత్రికల్లోనూ కనిపించే ‘ఇట్ ఈజ్ లెర్న్‌ట్ దట్’ ఈ కోవలోదే. దానికి సరైన తెలుగు ‘తెలియవచ్చింది’. సంతాప సందేశాల్లో ఈ అర్థం తరచుగా అవసరమవుతుంది, గుర్తుంచుకోవాలి.

మూడు: కంఠస్థం చేయు. దీనికి ‘లెర్న్ బై హార్ట్’ అని పూర్తిగా రాయాలి. మన దక్షిణాది బడుల్లో ‘ఐ బైహార్టెడ్ ద పోయమ్’ అనడం అలవాటు. మనలో మనకు అర్థమవుతుంది కానీ ప్రామాణిక ఇంగ్లీషు కాదు. అర్థం తెలియకుండా వల్లెవేయడానికి ‘లెర్న్ బై రోట్’ అంటారు. మొదటిది మెచ్చుకోలు కావచ్చు, రెండోదానిలో కొంచెం చులకన ఉంది.

నాలుగు: అనుభవం వల్ల బుద్ధి తెచ్చుకొను. ‘లెర్న్ ఫ్రమ్ మిస్టేక్స్’, ‘లెర్న్ వన్స్ లెసన్’ వంటివి. మనం గుణపాఠం అనేది ఇదే. దెబ్బతిని తెలుసుకుంటే ‘లెర్న్ ద హార్డ్ వే’.

ఐదు: అలవాటు చేసుకొను. ‘లెర్న్ టు లివ్ విత్ ఇట్’ అంటే దానితోనే సర్దుకుని బతకడం.

ఒకప్పుడు ఆరో అర్థం కూడా ఉండేది. కొన్ని శతాబ్దాల కిందటి ఇంగ్లీషులో ‘లెర్న్’ అంటే ‘నేర్పు’ అని కూడా చెల్లేది. ఇప్పుడు కొన్ని మాండలికాల్లో తప్ప అది తప్పు. అందుకే ‘ప్లీజ్ లెర్న్ తెలుగు టు అవర్ చిల్డ్రన్’ అని రాయకూడదు. అక్కడ రావలసింది ‘టీచ్’. యానాంలోని పెద్దలకు ఇది వింతగా తోచకపోవచ్చు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరు కదా. ఫ్రెంచిలో ‘అప్రాంద్ర్’ అనే ఒకే క్రియ నేర్చుకోవడానికీ, నేర్పడానికీ, వార్త తెలుసుకోవడానికీ పనిచేస్తుంది.

మన భాషల్లో ఈ పని చేసే మాటలు

తెలుగులో ‘నేర్చు’ మూలం. దానికి ‘కొను’ చేరి నేర్చుకొను. నేర్చుకున్న ఫలం తనకే చెందుతుందని ఆ ‘కొను’ చెబుతుంది. ఇతరుల చేత చేయించేది ‘నేర్పు’. అదే నామవాచకమైతే చాకచక్యం. నేర్పు ఉన్నవాడు నేర్పరి. ఇంగ్లీషువారి ‘లెర్నిడ్’ మనిషి పుస్తకాలు చదివిన పండితుడు. మన నేర్పరి చేతిపని తెలిసినవాడు. ఒకే భావం రెండు దారులు పట్టింది.

పాత తెలుగులో ‘కఱచు’ అంటే నేర్చుకొను, ‘కఱపు’ అంటే నేర్పు. ఇప్పుడు మన వాడుకలో పోయింది. కానీ దాని చుట్టాలు మన ఇరుగుపొరుగున రోజూ వినిపిస్తాయి. కన్నడంలో ‘కలి’ అంటే నేర్చుకో, ‘కలిసు’ అంటే నేర్పు. తమిళంలో ‘కల్’, వాడుకలో ‘కత్తుక్కో’. తమిళంలో ‘కొళ్’, కన్నడంలో ‘కొళ్ళు’, మనకు ‘కొను’. మూడు భాషలూ ఫలం తనకే అని ఒకే తీరుగా చెబుతాయి. కాబట్టి బెంగళూరులోనో చెన్నైలోనో పెరిగిన మన పిల్లలు ‘కలి’, ‘కత్తుక్కో’ అంటుంటే పరాయి మాట పలికారని అనుకోనక్కర లేదు. మనం పోగొట్టుకున్న మాట పక్కింట్లో భద్రంగా ఉంది, అంతే.

మరాఠీలో ‘శికణే’ నేర్చుకోవడం, ‘శికవణే’ నేర్పడం. ఒడియాలో ‘శిఖిబా’, ‘శిఖాఇబా’. ఇవి సంస్కృతంలోని ‘శిక్ష’కు సంబంధించినవి. ఇక్కడ షోలాపూరు, బరంపురం పిల్లలకు ఒక చిక్కు ఉంది. వాళ్లు బడిలో వినే ‘శిక్షణ్’, ‘శిక్షా’ అంటే చదువు. మన తెలుగులో శిక్షణ అంటే తర్ఫీదు, శిక్ష అంటే దండన. తాతగారితో మాట్లాడేటప్పుడు మనవడు ‘నాకు మంచి శిక్ష దొరికింది’ అంటే తాతగారు కంగారుపడతారు. నవ్వి సరిదిద్దాలి కానీ కోప్పడకూడదు.

‘లెర్న్’, ‘స్టడీ’, ‘నో’ – మూడింటి తేడా

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కారణం మన తెలుగులోనే ఉంది.

‘చదువు’ అనే మన మాట ‘రీడ్’కూ ‘స్టడీ’కీ రెండింటికీ సరిపోతుంది. పత్రిక చదువుతాం, బీకాం చదువుతాం. ఇంగ్లీషులో బీకాం చేసేవాడు ‘స్టడీయింగ్’. ‘హి ఈజ్ లెర్నింగ్ బీకాం’ అనకూడదు. ‘షి ఈజ్ లెర్నింగ్ ఇన్ టెన్త్ క్లాస్’ కూడా తప్పే. తరగతి, కోర్సు, కాలేజీ వచ్చిన చోట ‘స్టడీ’ వాడాలి.

‘స్టడీ’ చేసే పనిని చెబుతుంది. ‘లెర్న్’ ఆ పని వల్ల లోపల మిగిలినదాన్ని చెబుతుంది. అందుకే ‘ఐ స్టడీడ్ హిందీ ఫర్ త్రీ ఇయర్స్, బట్ ఐ లెర్న్‌ట్ వెరీ లిటిల్’ అనడంలో విరోధం లేదు. మూడేళ్లు చదివాను, వచ్చింది కొంచెమే అని. తిరగేసి చెప్పినా నిజమే. చదవకుండా నేర్చుకున్నవీ ఉంటాయి. మన ఇళ్లలో మాట్లాడే తెలుగు అలాంటిదే. దాన్ని ఎవరూ ‘స్టడీ’ చేయలేదు, అమ్మ మాట విని ‘లెర్న్’ చేశారు.

ఇక ‘నో’. ఇది ఉన్న స్థితిని చెప్పే క్రియ. ‘ఐ యామ్ నోయింగ్ తెలుగు’ అని రాయకూడదు, ‘ఐ నో తెలుగు’ చాలు. ‘లెర్న్’ దారి అయితే ‘నో’ చేరిన చోటు. దారిలో ఉన్నవాడు ‘ఐ యామ్ లెర్నింగ్’ అంటాడు. చేరినవాడు ‘ఐ హావ్ లెర్న్‌ట్’ లేదా ‘ఐ నో’ అంటాడు.

మనం తెలుగులో ‘నాకు తెలుగు వచ్చు’ అంటాం. ఈ ‘వచ్చు’ చాలా ఉదారమైన మాట. మాట్లాడడం వచ్చినా ‘వచ్చు’, చదవడం రాయడం వచ్చినా ‘వచ్చు’. ఇంగ్లీషులో ‘నో’ అంటే చదివే అధికారి అన్నీ వచ్చని అనుకుంటాడు. ఉద్యోగ దరఖాస్తుల్లో ‘లాంగ్వేజెస్ నోన్’ అనే గడి పక్కన ‘రీడ్, రైట్, స్పీక్’ అని మూడు గడులు విడిగా పెట్టేది ఇందుకే. మన పిల్లల్లో చాలామంది మూడో గడిలోనే టిక్కు పెట్టగలరు.

చట్టాల పేర్లలో ఈ మాట

ఈ క్రియ మన జీవితాల్లోకి చట్టం రూపంలో కూడా వచ్చింది. తమిళనాడులో 2006లో చేసిన చట్టం పేరు ‘తమిళనాడు తమిళ్ లెర్నింగ్ యాక్ట్’. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి చేశారు. ఆ మొదటి జట్టు 2015-16లో పదో తరగతికి చేరింది. కర్ణాటకలో 2015లో ‘కన్నడ లాంగ్వేజ్ లెర్నింగ్ యాక్ట్’ వచ్చింది. మహారాష్ట్ర 2020లో చేసిన చట్టం పేరులో మరాఠీకి ‘టీచింగ్ అండ్ లెర్నింగ్’ అని రెండు మాటలూ ఉన్నాయి. తెలంగాణ 2018లో తెలుగు కోసం చేసిన చట్టమూ అలాగే రెండు మాటలూ పెట్టుకుంది.

రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చూడండి. 1956లో ఏడో సవరణ ద్వారా చేర్చారు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని సారాంశం. అక్కడ వాడిన మాట ‘ఇన్‌స్ట్రక్షన్’, అంటే బోధన. ‘లెర్న్’ క్రియకు కర్త పిల్లవాడు. ‘టీచ్’, ‘ఇన్‌స్ట్రక్షన్’ అన్నప్పుడు కర్త బోధించేవాడు. అంటే బాధ్యత ఎవరిదో క్రియ చెప్పేస్తుంది. దరఖాస్తు రాసేటప్పుడు పిల్లల అవసరం చెప్పడానికి ‘లెర్న్’, ప్రభుత్వాన్ని అడగడానికి ‘టీచ్’ లేదా ‘ఇన్‌స్ట్రక్షన్’ వాడాలి. రెండూ తారుమారైతే అడిగింది అర్థం కాదు.

ఉన్న రాష్ట్రపు భాష మన పిల్లలు నేర్చుకోవద్దని నేను అనడం లేదు. తప్పక నేర్చుకోవాలి, బాగా నేర్చుకోవాలి. దానితో పాటు తెలుగు అక్షరాలు కూడా అందాలన్నదే మన కోరిక.

మా దరఖాస్తు సంగతి

చాలా ఏళ్ల కిందటి మాట. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో తెలుగు ఇళ్ల పిల్లలు బాగానే ఉండేవారు. తెలుగు టీచరును వేయమని సంఘం తరఫున ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలనుకున్నాం. డ్రాఫ్టు నాదే. పిల్లలకు భాష మీద ఉన్న పట్టు చూపిస్తే పని సులువవుతుందని, ‘అవర్ చిల్డ్రన్ నో తెలుగు వెరీ వెల్’ అని మొదటి పేరాలోనే రాశాను. ‘మా పిల్లలకు తెలుగు బాగా వచ్చు’ అన్నది మనసులో పెట్టుకుని చేసిన అనువాదం. కమిటీలో అందరూ చదివారు, బాగుందన్నారు.

కొన్ని నెలలకు జవాబు వచ్చింది. పిల్లలకు తెలుగు ఇప్పటికే తెలుసని దరఖాస్తుదారులే చెబుతున్నందున ప్రత్యేక ఏర్పాటు అవసరం లేదని ఒక్క వాక్యంలో ముగించారు. కోపం వచ్చింది. కానీ ఫైళ్లు రాసినవాణ్ని కనుక తప్పు ఎవరిదో నాకు తెలిసింది. కాగితం మీద ఉన్నదానికే వాళ్లు జవాబిచ్చారు.

మరుసటి ఏడాది మళ్లీ రాశాను. ‘అవర్ చిల్డ్రన్ స్పీక్ తెలుగు ఎట్ హోమ్, బట్ దే హావ్ నాట్ లెర్న్‌ట్ టు రీడ్ ఆర్ రైట్ ఇట్.’ ఇంట్లో మాట్లాడతారు, చదవడం రాయడం నేర్చుకోలేదు. ఈసారి తోసిపుచ్చలేదు, తరగతి వారీగా పిల్లల జాబితా పంపమన్నారు. ఇలాంటి కోరికలకు పాత కొలత ఒకటుంది. పాఠశాల మొత్తం మీద ఆ భాష పిల్లలు నలభై మంది, లేదా ఒక తరగతిలో పది మంది ఉంటే టీచరును వేయాలని 1949లో విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. మేం ఇంటింటికీ తిరిగి లెక్క కట్టాం. ముప్పై ఎనిమిది మంది తేలారు. ఏ తరగతిలోనూ పది మంది లేరు. అంతకు ముందు ఏడాది ఐదో తరగతిలో ఉన్న ఆరుగురు అప్పటికే హైస్కూలుకు వెళ్లిపోయారు. మొదటి దరఖాస్తులోనే ఆ వాక్యం రాసి ఉంటే లెక్క సరిపోయేది.

టీచరు రాలేదు. సంఘం గదిలో ఆదివారం ఉదయం పలకలతో తరగతి మొదలుపెట్టాం. ఆ ఆరుగురిలో ఇద్దరు మాత్రమే వచ్చారు. మిగతావాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. ఒకమ్మాయి తన కూతురి పెళ్లికి శుభలేఖ తెలుగులో వేయించి, సరిచూడమని నాకు తెచ్చి ఇచ్చింది. ‘బాబాయ్, నాకు మాట్లాడడమే వచ్చు, మీరే చదివి చెప్పండి’ అంది. చదివి చెప్పాను. ఆ మొదటి డ్రాఫ్టు నాదేనని మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను.

దరఖాస్తు రాసేవారికి గుర్తుంచుకోవలసినవి

– పిల్లల భాషను గురించి రాసేటప్పుడు ‘నో’ ఒంటరిగా వాడకండి. మాట్లాడడం, చదవడం, రాయడం విడివిడిగా చెప్పండి.

– నేర్చుకునేవాడు కర్త అయితే ‘లెర్న్’. నేర్పేవాడు కర్త అయితే ‘టీచ్’.

– తరగతి, డిగ్రీ, కాలేజీ పక్కన ‘స్టడీ’.

– వార్త తెలిసిందని చెప్పాలంటే ‘లెర్న్ ఆఫ్’ లేదా ‘లెర్న్ దట్’.

– ‘లెర్నింగ్’ అంటే విద్య, విద్వత్తు. ఈ మధ్య కంపెనీల కాగితాల్లో ‘లెర్నింగ్స్’ అని బహువచనం కనిపిస్తోంది. సంఘం ఉత్తరాల్లో ‘లెసన్స్’ అని రాస్తే చాలు.

– పంపే ముందు మీ వాక్యాన్ని తిరిగి తెలుగులోకి మార్చి చూసుకోండి. ‘వచ్చు’ అన్నది ఎక్కడ వస్తే అక్కడ ఆగి, ఏది వచ్చు, ఏది రాదు అని అడగండి.

– జాబితా ముందే సిద్ధం చేసుకోండి. పిల్లలు పై తరగతులకు వెళ్లిపోతుంటారు, ఫైలు కోసం ఆగరు.